ఇక్కడ అంతా ఖైరియత్

మా ఇళ్లల్లో ఉత్తరాన్ని ఖత్ అంటాం. ఖత్ పైన ముందుగా 786 వేస్తాం. బిస్మిల్లా పూర్తిగా రాస్తే ఆ కాగితం ఎక్కడ పడుతుందో, ఎవరి కాళ్ల కింద నలుగుతుందోనని భయం. అందుకే అంకెలు. దాని కింద సలాం. సలాం తర్వాత ఎవరు రాసినా ఒకటే మాట: ఇక్కడ అంతా ఖైరియత్, మీ ఖైరియత్ ఖుదాను కోరుకుంటున్నాను. తెలుగు ఇళ్లల్లో 'ఉభయకుశలోపరి' ఎట్లాంటిదో ఇదీ అట్లాంటిదే. మామూలు రోజుల్లో ఆ మాటను ఎవరూ పట్టించుకోరు. కళ్లు దాన్ని దాటి కింది వాక్యానికి పోతాయి. రాసినవాడు యుద్ధంలో ఉన్నప్పుడు మాత్రం ఇల్లు ఇల్లంతా ఆ ఒక్క మాట దగ్గరే ఆగిపోతుంది. నిజంగా ఖైరియతేనా? ఎవరైనా అట్లా రాయించారా? మన మనసు కోసం రాశాడా?

నిజామాబాద్ చరిత్ర రాసేవాళ్లు ఇందూరు ఖిల్లా గురించి రాస్తారు. 1931లో మంజీర మీద నిజాంసాగర్ కట్టడం పూర్తయిందని, అలీ నవాజ్ జంగ్ ఇంజనీరని రాస్తారు. నీళ్లొచ్చాయి, చెరకొచ్చింది, 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చిందని రాస్తారు. ఈ చరిత్రలో ముసల్మాను లేకపోలేదు. నవాబుగా ఉంటాడు, జాగీర్దారుగా ఉంటాడు, చివరి పేజీల్లో రజాకారుగా ఉంటాడు. చెరకు బండి తోలినవాడు, ఫ్యాక్టరీ బాయిలరు ముందు నిలబడినవాడు, పొట్ట చేతబట్టుకుని సముద్రం దాటినవాడు మాత్రం ఉండడు. వాడి చరిత్ర మా ఇనప పెట్టెల అడుగున ఖత్‌ల రూపంలో పడి ఉంది. పరాయి దేశంలో, పరాయివాళ్ల యుద్ధం మధ్య, నౌకరీ చేస్తూ ఇంటికి రాసిన ఖత్‌లవి. వాటిని చరిత్రగా చదవాలన్నదే మా వాదన.

రెండు సలాముల నడుమ

మా పెద్దవాళ్లకు నౌకరీ అంటే మొదట సిపాయి నౌకరీయే. హైదరాబాద్ రాజ్యం నుంచి సముద్రం దాటి జరిగిన పెద్ద యుద్ధ నౌకరీ 1914లో మొదలైంది. అప్పటికి ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కి మూడేళ్లు. ఆ ఏడు శీతాకాలానికి ముందే తుర్కీ జర్మనీ వైపు చేరింది. నవంబరు 14న ఇస్తాంబుల్‌లో జిహాద్ ప్రకటన చదివారు. తుర్కీ సుల్తానంటే ఎక్కడో ఉన్న ఒక రాజు మాత్రమే కాదు, ఖలీఫా. ఈ దేశంలో ఎన్నో మసీదుల్లో జుమ్మా ఖుత్బాలో ఆయన కోసం దువా చేసేవారు. అదే నెలలో నిజాం ఒక ప్రకటన చేశాడు. ముసల్మాన్లు ఇంగ్లీషు సర్కారుకే విధేయంగా ఉండాలన్నాడు. ఒక చెవిలో ఖలీఫా పిలుపు, ఇంకో చెవిలో నిజాం హుకుం. నడుమ సిపాయి.

హైదరాబాద్‌తో ముడిపడిన రెండు గుర్రపు దండులు ఆ యుద్ధానికి పోయాయి. ఒకటి 20వ దక్కన్ హార్స్. ఇది ఇంగ్లీషు సర్కారు సైన్యంలోది. పాత హైదరాబాద్ కంటింజెంటు నుంచి పుట్టింది. ఇందులో సిక్కులు, జాట్లతో పాటు దక్కనీ ముసల్మాన్లు ఉండేవారు. ఈ దండు ఫ్రాన్స్ పోయింది. 1916 జూలై 14న సోమ్ యుద్ధంలో, మరతుపాకుల కాలంలో, గుర్రాల మీద బల్లేలు పట్టుకుని హైవుడ్ అనే అడవి పక్కన దాడికి దిగింది. రెండోది నిజాం సొంత దండు, హైదరాబాద్ ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్లు. వీళ్లు ఈజిప్టు పోయారు. సూయెజ్ కాలువ కాపలా కాశారు, 1918లో పాలస్తీనాలోకి నడిచారు. వీళ్ల ఎదుట నిలబడింది జర్మన్లు కాదు, ఖలీఫా సేన.

వీళ్లు ఇంటికి ఏం రాసి ఉంటారు? ఇక్కడే మన చరిత్రలో ఒక విచిత్రం ఉంది. ఫ్రాన్స్‌లో హిందూస్తానీ సిపాయిలు రాసిన ఖత్‌లు పరాయివాడు భయపడ్డందువల్ల మిగిలాయి. సిపాయిల మనసులో ఏముందో తెలుసుకోవడానికి సర్కారు ఫ్రాన్స్‌లోని బులోన్ పట్టణంలో ఒక సెన్సారు ఆఫీసు పెట్టింది. కెప్టెన్ హొవెల్ దాని పెద్ద. ఉర్దూలో, హిందీలో, గురుముఖిలో, పష్తోలో ఉన్న ఖత్‌లను విప్పి చదివేవారు. ఇంటి నుంచి సిపాయికి వచ్చినవీ చదివేవారు. అనుమానం తగిలిన చోట నల్లసిరా, పనికొచ్చిన చోట ఇంగ్లీషు తర్జుమా. ఆ తర్జుమా నకళ్లతో వారం వారం రిపోర్టు లండన్ చేరేది. అసలు ఖత్‌లలో చాలా మటుకు పోయాయి. ఇంగ్లీషు నకళ్లు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. డేవిడ్ ఒమిస్సీ అనే చరిత్రకారుడు వాటిలోంచి ఏరి 1999లో ఒక పుస్తకం వేశాడు.

ఆ నకళ్లలో ప్రతి ఖత్‌కూ ఒక తలకట్టు ఉంటుంది. రాసినవాడి పేరు, పక్కనే అతని జాతి: జాట్, సిక్కు, పఠాన్, పంజాబీ ముసల్మాన్, దక్కనీ ముసల్మాన్. ఆ తర్వాతే అతను చెప్పిన మాట. సర్కారుకు కావలసింది ఒక కొడుకు తల్లికి ఏం చెప్పుకున్నాడన్నది కాదు. ఏ జాతి ఏమనుకుంటున్నదన్నది. మనిషి మాట కన్నా ముందు మతం చూడడం మాకు కొత్త కాదు. వందేళ్ల కిందటి నుంచి దస్తావేజుల మీద ఉన్న అలవాటే అది.

సిపాయి కూడా అమాయకుడేం కాదు. ఖత్ ఎన్ని చేతులు మారుతుందో అతనికి తెలుసు. చాలామందికి చదువు రాదు. చదువొచ్చిన తోటి సిపాయి రాసిపెడతాడు. దాన్ని సెన్సారు చదువుతాడు. ఊళ్లో మున్షీయో మౌల్వీయో ఇంటివాళ్లకు చదివి వినిపిస్తాడు. ఇంతమంది మధ్య మనసు చెప్పుకోవడానికి వాళ్లు గూఢభాష పుట్టించారు. నల్ల మిరియాలంటే హిందూస్తానీ సిపాయిలు, ఎర్ర మిరపకాయలంటే తెల్లవాళ్లు. నల్ల మిరియాలు అయిపోవచ్చాయని రాస్తే, మనవాళ్లు చచ్చిపోతున్నారు, తమ్ముడిని దండులో చేర్చకండని అర్థం. సెన్సారువాళ్లు ఆ గుట్టు కూడా పసిగట్టి రిపోర్టులో ఎక్కించారు. వంటింటి మాటను కూడా సర్కారు వదల్లేదు.

ఖలీఫా మాట వచ్చినప్పుడు బరువు ఇంకా పెరిగింది. 1916 ఫిబ్రవరిలో బస్రాలో 15వ లాన్సర్లు అనే ముసల్మాన్ల దండు ఇరాక్ పవిత్ర స్థలాల వైపు తోటి ముసల్మాన్ల మీదికి నడవబోమని చెప్పింది. వందల మందికి శిక్షలు పడ్డాయి, అండమాన్ పంపారు. హైదరాబాద్ లాన్సర్లు మాత్రం నడిచారు. ఉప్పు తిన్నందుకు నడిచారా, హుకుం కాబట్టి నడిచారా, ఇంటి దగ్గర పొయ్యి వెలగాలి కాబట్టి నడిచారా? ఎవరూ వాళ్లను అడగలేదు. నమ్మకానికి బిరుదు మాత్రం 1918లో నిజాంకు దక్కింది: బ్రిటిష్ సర్కారుకు 'నమ్మకమైన మిత్రుడు'. ఆయన ఇచ్చిన విమానాలతో ఇంగ్లీషు వైమానిక దళంలో 110వ స్క్వాడ్రన్‌కు హైదరాబాద్ పేరు పెట్టారు.

ఢిల్లీలో తీన్‌మూర్తి చౌరస్తాలో మూడు కంచు సిపాయి బొమ్మలున్నాయి. 1922లో నిలబెట్టారు. జోధ్‌పూర్, మైసూరు, హైదరాబాద్ దండులకు గుర్తుగా తలా ఒకటి. 1918 సెప్టెంబరు 23న హైఫా పట్టణాన్ని గెలిచిన దాడిని జోధ్‌పూర్, మైసూరు దండులు చేశాయి. ఆ బ్రిగేడులో మూడో దండు హైదరాబాద్‌ది. 2018 జనవరిలో ఆ చౌరస్తాకు తీన్‌మూర్తి హైఫా చౌక్ అని పేరు మార్చి వీరగాథలు చెప్పుకున్నారు. మూడో మూర్తి హైదరాబాద్ వాడని, ఖలీఫా సేనకు ఎదురుగా నిలబడ్డ ముసల్మాన్లు ఆ దండులో ఉన్నారని ఎన్ని నోళ్లు చెప్పాయి? మమ్మల్ని దేశం మీద ప్రేమ రుజువు చేసుకోమనేవాళ్లు ఆ మూడో మూర్తి దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఆగితే మేం పొంగిపోతామని కాదు. ఆ సిపాయి ఒక సామ్రాజ్యం కోసం ఇంకో సామ్రాజ్యంతో కొట్లాడాడు. అందులో మాకు గర్వమూ ఉంది, గుచ్చుకునే ముల్లూ ఉంది. రెండూ మా చరిత్రే.

మలయా మౌనం

రెండో యుద్ధం కథ వేరు. అక్కడ ఖత్ కన్నా ఖత్ రాకపోవడమే పెద్ద సంగతి. 1941 డిసెంబరు 8న జపాన్ సేనలు మలయా తీరంలో కోటా బారు దగ్గర దిగాయి. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడడానికి ఇంచుమించు ఒక గంట ముందు. కోటా బారు విమానాశ్రయం కాపలాకు ఉన్నవాళ్లలో నిజాం రాజ్య సేనకు చెందిన ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ ఒకటి. ఆ రాత్రి గందరగోళంలో దండు చెదిరింది, దాని కమాండరు చనిపోయాడు. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ పడిపోయింది. రెండు రోజుల తర్వాత ఫారర్ పార్కు మైదానంలో వేల వేల హిందూస్తానీ ఖైదీలను జపాన్‌వాళ్లకు అప్పజెప్పారు.

అక్కడి నుంచి మూడున్నరేళ్లు. జపాన్ చేతిలో ఉన్న ఖైదీ నుంచి ఇంటికి కబురు రావడమే గగనం. భర్త ఉన్నాడా లేడా తెలియని ఆడది గాజులు ఉంచుకోవాలా తీసెయ్యాలా? ఇద్దత్ లెక్క ఎప్పటి నుంచి మొదలుపెట్టాలి? ఇట్లాంటి ప్రశ్నలకు ఏ యుద్ధ చరిత్రలోనూ అధ్యాయం లేదు.

ఆ ఖైదీల ముందుకు మళ్లీ రెండు సలాములు వచ్చాయి. ఒకటి ఇంగ్లీషు రాజుకు చేసిన ప్రమాణం, ఇంకొకటి నేతాజీ ఆజాద్ హింద్ ఫౌజ్ పిలుపు. మా హైదరాబాద్ బిడ్డ ఆబిద్ హసన్ అప్పటికే నేతాజీ పక్కన ఉన్నాడు. 1943లో జర్మనీ నుంచి జలాంతర్గామిలో నేతాజీతో ప్రయాణం చేసినవాడు ఆయనే. 'జై హింద్' అనే పలకరింపు ఆయన ఆలోచనేనని చెబుతారు. ఈ రోజు ఆ పలకరింపును మా మొహాన సవాలుగా విసిరేవాళ్లకు అది ఒక హైదరాబాదీ ముసల్మాను నోటి మాటని తెలియదు.

యుద్ధం ముగిసి 1945లో మిగిలినవాళ్లు తిరిగొచ్చారు. మూడేళ్లు తిరగకముందే 1948 సెప్టెంబరు 13న పోలీస్ యాక్షన్ మొదలైంది, 17కి ముగిసింది. నిజాం సేన చరిత్రలో కలిసింది. మలయాలో దెబ్బలు తిన్న సిపాయి చేతిలో ఆసఫ్‌జాహీ ముద్ర ఉన్న కాగితం మిగిలింది. అప్పటి గాలిలో ఆ ముద్రను పదిమందికి చూపించగల ధైర్యం ఎవరికి ఉంటుంది? పింఛను కోసం దాచాల్సిన కాగితమే ప్రాణం కోసం దాచాల్సిన కాగితమైంది. ఇట్లా యుద్ధం ఖత్‌లు పెట్టె అడుగుకు జారాయి.

దుబాయి ఖత్

సిపాయి నౌకరీ మూసుకుపోయాక ఇంకో నౌకరీ తెరుచుకుంది. మా జిల్లాలో గల్ఫ్ దేశాలన్నిటికీ ఒకటే పేరు, దుబాయి. మస్కట్ పోయినా, కువైట్ పోయినా, ఇరాక్ పోయినా దుబాయి పోయిండనే అంటారు. బొంబాయి, బొగ్గుబాయి, దుబాయి అని తెలంగాణ వలసను మూడు బాయిలుగా చెప్పుకునేది ఊరికే కాదు. 1970ల నడిమి నుంచి చమురు పైసలతో అక్కడ మేడలు, రోడ్లు లేస్తుంటే నిజామాబాద్, బోధన్, ఆర్మూర్, కామారెడ్డి ప్రాంతాల జనం కదిలారు. చెరకు ఉన్న చోట ఆకలెందుకుంటుందని అడగొచ్చు. ఫ్యాక్టరీ గానుగ ఆడేది ఏడాదిలో కొన్ని నెలలే. సీజన్ కూలీకి మిగతా నెలలు ఉత్త చేతులే. భూమి, నీళ్లు ఉన్నవాడికి చెరకు తియ్యగా ఉంది. మాలో భూమి ఉన్నవాళ్లు ఎంతమంది? మాకున్నవి రిక్షా, మెకానిక్ షెడ్డు, పండ్ల బండి, ఇంట్లో ఆడవాళ్ల ఒళ్లో బీడీల చాట. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు ఊరంతా దిగులుపడింది. ఆ దిగులు మా గల్లీల్లో ఎప్పటి నుంచో ఉంది.

గల్ఫ్ పోయినవాడు తుపాకి పట్టలేదు. అంతమాత్రాన యుద్ధం అతన్ని వదల్లేదు. 1980 సెప్టెంబరు నుంచి 1988 ఆగస్టు దాకా ఇరాక్, ఇరాన్ కొట్లాడుకున్నాయి. ఆ ఎనిమిదేళ్లలోనే మనవాళ్లు ఇరాక్‌లో ఇటుకలు పేర్చారు, ఇనుము వంచారు. అక్కడి నుంచి వచ్చిన ఖత్‌లోనూ పైన 786, కింద అదే మాట: ఇక్కడ అంతా ఖైరియత్. సిపాయి మాట మీద సర్కారు సెన్సారు ఉంటే, కూలీ మాట మీద అప్పు సెన్సారు ఉంది. వీసాకు వడ్డీకి తెచ్చిన పైసలున్నాయి, చెల్లెలి షాదీ ఉంది, పాస్‌పోర్టు కఫీల్ బీరువాలో ఉంది. సైరన్ మోగుతున్నదని రాస్తే ఇంటివాళ్లు తిరిగి రమ్మంటారు. తిరిగొస్తే అప్పు ఎవరు తీర్చాలి? అందుకని సైరన్‌ను మింగి ఖైరియత్ అని రాశాడు.

ఆ ఖత్‌లు ఎట్లా ఉండేవో చెప్పుకోవాలి. ఎర్ర నీలం అంచుల ఎయిర్‌మెయిల్ కవరు. సలాం వాలిద్ సాహెబ్‌కు. ఆ తర్వాత అమ్మీకి, చిన్నాన్నకు, మేనత్తకు, గల్లీలో పెద్దలకు పేరు పేరునా. డ్రాఫ్టు ఎంత పంపాడో, ఎవరికి ఎంత ఇవ్వాలో లెక్క. అంతా అయ్యాక చిట్టచివర ఒక్క ముక్క: పిల్లల అమ్మకు సలాం చెప్పండి. అంతే. పెళ్లాం పేరు రాయడానికి లేదు. రాస్తే చదివేది ఆమె కాదు, మదర్సాకు పోయే పక్కింటి పిల్లవాడు, నలుగురి ముందు, గొంతెత్తి. ఆమె బీడీలు చుడుతూ తలవంచుకుని వింటుంది. జవాబు చెప్పాలన్నా ఆ పిల్లవాడికే చెప్పాలి. ఆమె మనసుకు ఆ పిల్లవాడే సెన్సారు. టేప్‌రికార్డరు వచ్చాక ఆడవాళ్లకు కొంత ఊపిరి ఆడింది. క్యాసెట్ నింపి, అటు పోయేవాడి చేతికిచ్చి పంపేవారు. అందులో మనవడి మాటలు, మేక అరుపు, అజాఁ, అమ్మీ ఏడుపు అన్నీ పోయేవి. చదువురాని ఆడవాళ్లు పరాయివాడి నోటి సాయం లేకుండా మొగుడితో మాట్లాడింది ఆ క్యాసెట్‌లోనే.

అటువైపు గదిలో ఇంకో సంగతి. ఒక్కో గదిలో పదిమంది. పద్మశాలి, ముదిరాజ్, మాల, మాదిగ, ముసల్మాను. ఎవరికి ఏ చదువొస్తే వాడే గదికి మున్షీ. తెలుగు మీడియంలో చదివిన సాయిబు పిల్లవాడు ఇరుగు మంచం ఎల్లయ్యకో రాజవ్వ కొడుకుకో ఉత్తరం రాసిపెట్టాడు. ఉర్దూ వచ్చిన ముసలాయన మిగతావాళ్లకు రాసిపెట్టాడు. ఈ జిల్లా తన రెండు భాషలతో నిజంగా కలిసి బతికింది సభల్లో కాదు, ఆ గదుల్లో.

1990 ఆగస్టు 2. తెల్లవారేసరికి సద్దాం సేనలు కువైట్‌లో ఉన్నాయి. ఫోన్లు తెగిపోయాయి, టపా ఆగిపోయింది. కువైట్‌లో ఉన్న హిందూస్తానీలు లక్షా డెబ్బై వేలకు పైనే. మా గల్లీల్లో రాత్రి పూట బీబీసీ ఉర్దూ 'సైర్‌బీన్' పెట్టుకుని పది ఇళ్లవాళ్లు ఒక రేడియో చుట్టూ కూర్చున్నారు. కువైట్ నుంచి బస్రా, బాగ్దాద్, అక్కడి నుంచి ఎడారి దారిన జోర్డాన్ సరిహద్దు, అమ్మాన్. ఆగస్టు 13 నుంచి అక్టోబరు 11 దాకా 59 రోజుల్లో ఎయిరిండియా 488 విమానాలు నడిపి లక్షా పదకొండు వేల మందికి పైగా తీసుకొచ్చింది. ముందు బయల్దేరినవాళ్ల చేతికి వెనకున్నవాళ్లు చీటీలిచ్చారు. బొంబాయిలో దిగి, మన్మాడ్ మీదుగా రైలెక్కి నిజామాబాద్ చేరినవాడి జేబులో పరాయి ఇళ్ల కబుర్లు ఉండేవి. అతను తన ఇంటికి పోకముందే ఆ ఇళ్లకు పోవాలి. అప్పుడు కూడా చీటీల్లో ఉన్నది ఆ మాటే. ఖైరియత్.

సామాను పోయింది, దాచుకున్న కువైటీ దినార్లు చిత్తుకాగితాలయ్యాయి. తర్వాత ఐక్యరాజ్య సమితి నష్టపరిహారం ఇస్తామంది. 1990 ఆగస్టు 2కూ 1991 మార్చి 2కూ నడుమ కువైట్‌నో ఇరాక్‌నో విడిచి వచ్చినట్టు రుజువు కావాలంది. అంతవరకు ఖత్‌ను చదివి పెట్టెలో పడేసిన ఇళ్లకు కాగితం విలువ అప్పుడు తెలిసింది.

ఆ రోజుల్లోనే మమ్మల్ని మళ్లీ ఆ పాత ప్రశ్న అడిగారు: మీరు ఎటు? కొన్ని మసీదుల ముందు సద్దాం బొమ్మలు కట్టారన్న మాట నిజమే. అమెరికా బాంబులు ముసల్మాన్ల మీద పడుతున్నాయన్న కోపమూ నిజమే. 1991 మొదట్లో అమెరికా విమానాలకు ఈ దేశంలో చమురు పోయనిచ్చినందుకు మా ఒక్కరికే కాదు, పార్లమెంటులో ఎందరికో కోపం వచ్చింది. అదే గల్లీలో సద్దాం సేన వల్ల కొలువు పోయి, ఉత్త చేతులతో వచ్చిన ముసల్మాను కూడా ఉన్నాడు. ఒకే ఇంట్లో అన్న సద్దాంకు జిందాబాద్ అంటే తమ్ముడు చేతిలో చెల్లని దినార్లు పట్టుకుని కూర్చున్నాడు. మాకు ఒకటే గొంతు ఉందనుకునే పత్రికలు ఈ ఇంటి లోపలికి రాలేదు. ఖత్‌లు చదివి ఉంటే తెలిసేది.

ఎవరు చదవాలి?

1914 సిపాయి ఖత్‌ను సర్కారు చదివింది, ఎందుకంటే అనుమానించింది. 1990 కూలీ ఖత్‌ను ఎవరూ చదవలేదు, ఎందుకంటే అతన్ని లెక్కలోకి తీసుకోలేదు. అనుమానం వల్ల మిగిలిన చరిత్ర ఇంగ్లీషులో లండన్‌లో ఉంది. నిర్లక్ష్యం వల్ల మిగిలిన చరిత్ర ఉర్దూలో మా పెట్టెల్లో ఉంది. దాన్ని చెదలు తింటున్నది.

చెదలకన్నా ముందు ఇంకో ప్రమాదం ఉంది. మా పిల్లలు తెలుగు మీడియంలో, ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు. తప్పేం లేదు, బతుకు అటే ఉంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడతారు, చదవలేరు. తాత రాసిన ఖత్ మనవడి చేతికిస్తే 786 ఒక్కటే పోల్చుకుంటాడు. కింద ఉన్నదంతా అతనికి గీతలు. లండన్‌లో పరాయివాడు చదవగలిగిన సిపాయి ఖత్‌ను నిజామాబాద్‌లో సొంత మనవడు చదవలేకపోవడం కన్నా పెద్ద సెన్సారు ఏముంటుంది? ఇక ఇప్పుడు గల్ఫ్ నుంచి కబురు ఫోన్లో వస్తుంది, మాట అవగానే గాలిలో కలుస్తుంది. కాగితం మీద కాలం ముగిసింది. ఉన్నది దాచుకోవడమే మిగిలింది.

కాబట్టి మేం అడిగేది పెద్ద కోరికేం కాదు. ఉర్దూ చదవగలిగిన పెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్లు ఉండగానే పెట్టెలు తెరవాలి. ఖత్‌లను తెలుగులోకి రాసుకోవాలి, తారీఖు, ఊరు, రాసిన చేయి ఎవరిదో పక్కన పెట్టి. క్యాసెట్లు పాడవకముందే ఆడవాళ్ల గొంతులు ఎత్తి రాసుకోవాలి. ఎల్లయ్య ఉత్తరాన్ని, అందులో సాయిబు చేతిరాతను కూడా కలపాలి. జిల్లా చరిత్రలో నిజాంసాగర్ పక్కన, చక్కెర ఫ్యాక్టరీ పక్కన వాటికి ఒక అధ్యాయం కావాలి. దాన్ని ఎవరో రాసిపెడతారని చూడొద్దు. మనమే రాయాలి, రెండు భాషల్లోనూ రాయాలి. ఖైరియత్ అన్న మాట వెనక వాళ్లు దాచిపెట్టింది ఇప్పుడు చెప్పినా వాళ్లకు పోయేదేం లేదు. ఏ కఫీల్ చదవడు, ఏ సెన్సారూ కొట్టెయ్యడు.